బాబాయి గారిని లెక్క అడగడం ఎలా?

ప్రశ్న: మాది దక్షిణ ఒడిశాలో ఆంధ్రా సరిహద్దును ఆనుకొని ఉన్న జిల్లా. ఊరి పేరు, క్లబ్బు పేరు దయచేసి వేయవద్దు. మా రైఫిల్ క్లబ్బులో నేను చాలాకాలంగా సభ్యుణ్ని. పాత ధాన్యం గోదాములో 6 లేన్ల 10 మీటర్ల రేంజి, ఊరి బయట మట్టికట్ట వేసిన 50 మీటర్ల మైదానం ఉన్నాయి. పారిస్ ఒలింపిక్స్ తర్వాత పిల్లలు 40 మంది దాకా చేరారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కూడా ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. రెండేళ్లుగా సర్వసభ్య సమావేశం జరగలేదు. కోచింగు ఫీజు నగదుగా తీసుకుంటారు, రసీదు ఉండదు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ల (సీసపు గుండ్ల) డబ్బాలు బిల్లు లేకుండా అమ్ముతున్నారు. క్లబ్బుకు ఉన్న రెండు మంచి రైఫిళ్లు సాయంత్రం పూట ఎప్పుడు చూసినా కార్యదర్శి గారి బంధువుల పిల్లల చేతుల్లోనే ఉంటాయి. క్లబ్బు పేరిట ఉన్న .22 రైఫిలు ఒకటి కొన్ని నెలలుగా కనబడటం లేదు. అడిగితే మరమ్మతుకు వెళ్లిందంటారు. ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో అడిగినందుకు నన్ను గ్రూపులోంచి తీసేసి, సభ్యత్వం ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు ఇచ్చారు. మొన్న రేంజిలోనే, పిల్లలు కాలుస్తుండగా, ఇద్దరు సభ్యులు కాలర్లు పట్టుకున్నారు. కొందరు కొత్త క్లబ్బు పెడదామంటున్నారు, కొందరు పోలీసులకు చెబుదామంటున్నారు, ఇంకొందరు ‘తెలుగువాళ్లం కాబట్టే మనకిలా’ అంటున్నారు. కార్యదర్శి గారు మా నాన్నగారి స్నేహితులు. చిన్నప్పటి నుంచి నేను ‘బాబాయి గారూ’ అని పిలిచే మనిషి. ఏం చేయాలి? అమ్మాయిని మానిపించేయమంటారా?

సమాధానం: మీ లేఖలో అసంతృప్తులు చాలా ఉన్నాయి కానీ అవన్నీ ఒకే బరువు గలవి కావు. రసీదు లేని ఫీజు, బిల్లు లేని పెల్లెట్లు, అయినవారికి పెద్దపీట, సమావేశం జరపకపోవడం అనేవి ఏ ఊరి క్లబ్బులోనైనా, ఆ మాటకొస్తే ఏ గుడి కమిటీలోనైనా వినిపించే ఫిర్యాదులే. అవి తేలడానికి నెలలు పట్టినా కొంప మునగదు. కనబడని రైఫిలు మాత్రం ఆ వరుసలోది కాదు. మీరు దాన్ని మిగతా ఫిర్యాదుల మధ్యన ఒకటిగా రాశారు. నేను మొదట దాని గురించే రాస్తాను. ఎందుకంటే మిగిలిన తగవులో ఎవరు ఓడినా పోయేది డబ్బో పరువో మాత్రమే, ఇందులో తేడా వస్తే అసలు క్లబ్బే మిగలదు.

మందు నింపిన తూటాలతో కాల్చే .22 రైఫిలు 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండి తీరవలసిన తుపాకి. తుపాకులు మరమ్మతు చేసే వ్యాపారానికి కూడా అదే చట్టంలోని 5వ సెక్షను కింద లైసెన్సు కావాలి. కనుక ‘మరమ్మతుకు వెళ్లింది’ అన్న జవాబు వెనుక ఒక కాగితం ఉండి తీరాలి: ఫలానా డీలరు, ఫలానా నంబరు గల రైఫిలును, ఫలానా తేదీన తీసుకున్నట్లు ఇచ్చిన రసీదు. ఆ రసీదు కళ్లబడితే ఆ విషయం అక్కడితో ముగిసినట్లే, పైగా ఆ సంగతి మిగిలిన సభ్యులకు మీ నోటితోనే చెప్పాలి. రసీదు లేకపోతే, తుపాకి పోయినా, దొంగల పాలైనా వెంటనే దగ్గరి పోలీసు స్టేషనుకు తెలియజేయడం లైసెన్సుదారు బాధ్యత కాబట్టి, ఆ పని కార్యదర్శి గారి చేతే చేయించాలి. ఆయనకు, అధ్యక్షుల వారికి ఒకే లేఖ రాసి, రసీదునూ, స్ట్రాంగ్ రూము రిజిస్టరునూ, తూటాల రిజిస్టరునూ మూడు రోజుల్లో చూపమని అడగండి. తూటాల రిజిస్టరు మరచిపోవద్దు: కొన్నవెన్ని, కాల్చినవెన్ని, మిగిలినవెన్ని అన్న మూడు అంకెలు పెట్టెలో ఉన్న తూటాలతో సరిపోవాలి. మూడు రోజులూ మౌనంగా గడిస్తే అప్పుడు పోలీసు స్టేషనుకు, కలెక్టరు కార్యాలయంలోని ఆయుధ లైసెన్సుల విభాగానికి మీరే రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. రాసేటప్పుడు ‘ఈ నంబరు రైఫిలు ఫలానా నెల నుంచి స్ట్రాంగ్ రూములో నాకు కనబడలేదు, అడిగితే ఈ జవాబు వచ్చింది’ అన్నంత వరకే రాయండి. ‘అమ్ముకున్నారు’ అన్న మాట మీ కలం నుంచి రాకూడదు; అది మీరు చూసినది కాదు.

ఇంత జాగ్రత్త దేనికంటే, 2004 ఫిబ్రవరిలో కోరాపుట్‌లోనూ, 2008 ఫిబ్రవరిలో నయాగఢ్‌లోనూ సాక్షాత్తూ పోలీసు ఆయుధాగారాలనే మావోయిస్టులు దోచుకుపోయిన రాష్ట్రం మీది. అక్కడ లెక్కకు రాని తుపాకి అన్న మాటను ఏ అధికారీ క్లబ్బు గొడవగా చూడడు. పైగా ఆయుధ చట్టం 33వ సెక్షను కంపెనీలతో పాటు వ్యక్తుల సంఘాలకూ వర్తిస్తుంది. నేరం జరిగిన సమయంలో సంస్థ వ్యవహారాలు ఎవరి చేతిలో ఉన్నాయో వారందరూ జవాబుదారులవుతారు, తమకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నామనో రుజువు చేసుకోగలిగితే తప్ప. 35వ సెక్షను, ఉమ్మడి ఆధీనంలో ఉన్న ప్రాంగణంలో నేరానికి సంబంధించిన ఆయుధం దొరికితే ఎవరెవరు జవాబుదారులో చెబుతుంది. అందులో కీలకం ‘తెలిసి ఉండటం’. మీకు అనుమానం ఉందని మీరే గ్రూపులో రాశారు. కాబట్టి ఇక ఊరుకోవడం మీకే మంచిది కాదు, అతిగా మాట్లాడటమూ మంచిది కాదు.

రేంజిలో జరిగిన కాలర్ల సంగతి రెండో అత్యవసరం. గొడవ ఎవరు మొదలుపెట్టారో మీరు ఒక పేరా రాశారు, లేఖను కుదించేటప్పుడు దాన్నీ, మరికొన్ని వివరాలనూ ఇక్కడ వదిలేశాను. నాకు ఆందోళన కలిగించినది అదే పేరాలో మీరు అలవోకగా రాసిన వాక్యం: అరుపులకు ఉలిక్కిపడి మూడో లేనులోని అబ్బాయి భుజం మీద రైఫిలుతోనే వెనక్కి తిరిగాడు. ఆ రైఫిలులో పెల్లెట్ ఉంది. ఎయిర్ రైఫిలే కదా అనుకోవద్దు, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు పది మీటర్ల దూరంలో కన్ను తీయడానికి చాలు. ఫైరింగ్ లైను మీద ఆయుధాలు ఉన్నంతసేపు రేంజి ఆఫీసరు మాట ఒక్కటే వినిపించాలి. ఎవరైనా గొంతు పెంచిన క్షణం ‘స్టాప్, అన్‌లోడ్’ అనాలి, బోల్టులన్నీ తెరుచుకోవాలి, బ్యారెల్‌లోంచి సేఫ్టీ ఫ్లాగు (గొట్టం ఖాళీగా ఉందని చూపే రంగు తీగ) కనబడాలి, ఆ తరువాతే ఎవరైనా బల్ల దగ్గర నుంచి కదలాలి. క్లబ్బు విషయం ఏదీ రేంజి గడప లోపల మాట్లాడకూడదన్న ఒక్క నియమం మీద ఇరువర్గాల చేతా సంతకాలు చేయించండి. ఇంత కలహంలోనూ ఇద్దరూ కాదనలేని కాగితం ఇదొక్కటే కావచ్చు. రాజీ మాటలకు ఇదే మొదటి మెట్టు కూడా అవుతుంది.

ఇక అసలు తగవు. మీరు దాన్ని కార్యదర్శి గారి నడవడికగా చూస్తున్నారు. నాకు అది అంతకంటే పెద్దదిగా కనబడుతోంది. మీ క్లబ్బు ఒకప్పుడు తుపాకి లైసెన్సులున్న కొద్దిమంది పెద్దమనుషులు ఆదివారం పూట ఊరి బయట మైదానంలో కలుసుకోవడానికి పెట్టుకున్నది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు (అందులో ఒకటి సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి), కొల్హాపూర్ వైపు కుర్రాడు స్వప్నిల్ కుసాలే ఒకటి తెచ్చాక, దేశమంతటా తల్లిదండ్రులు పిల్లల చేయి పట్టుకొని రేంజిల ముందు వరుసకట్టారు. మీ గోదాముకూ అలాగే వచ్చారు. పాతవారికి క్లబ్బు కాలక్షేపం, కొత్తవారికి అది పిల్లల భవిష్యత్తు. నియమావళి మాత్రం మొదటివారి కోసం రాసినదే. ఎవరికి ఎన్ని గంటలు, ఏ రైఫిలు, ఎంత ఫీజు అన్న ప్రశ్నలకు ఆ నియమావళిలో జవాబు లేదు కాబట్టి, జవాబు చెప్పే అధికారం ఒక మనిషి చేతిలోకి వెళ్లిపోయింది. రేపు ఆయన్ను దింపి మిమ్మల్ని కూర్చోబెట్టినా ఆ ఖాళీ అలాగే ఉంటుంది, ఏడాది తిరగకుండా మీ మీద ఇలాంటి లేఖే ఇంకొకరు రాస్తారు.

కాగితం మీద లెక్క వేసి చూడండి. 60 షాట్ల ఎయిర్ రైఫిల్ పోటీకి కాగితపు టార్గెట్ల మీద 90 నిమిషాలు, దానికి ముందు సన్నాహానికి, సైటింగుకు (గురి సరిచూసుకునే షాట్లకు) 15 నిమిషాలు ఇస్తారు. ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే 75 నిమిషాలు. మీది కాగితపు రేంజి కనుక ఒక పిల్లవాడు పోటీ పద్ధతిలో సాధన చేయాలంటే పావు తక్కువ రెండు గంటలు కావాలి. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర వరకు తెరిస్తే రెండు విడతలు, అంటే 6 లేన్ల మీద రోజుకు 12 మంది, వారానికి ఆరు రోజులైతే 72 అవకాశాలు. పిల్లలు 40 మంది. ఒక్కొక్కరికి వారానికి రెండు రోజులైనా పూర్తిగా రావు. ఇక పెద్దవాళ్లకు చోటే లేదు. బాబాయి గారి స్థానంలో ధర్మరాజును కూర్చోబెట్టినా సగం మందికి కోపం తప్పదు. కాబట్టి లేను వేళలు నోటిమాట మీద కాకుండా నెలకొకసారి గోడ మీద అంటించే పట్టిక ప్రకారం జరగాలి. రాబోయే పోటీకి పేరు వెళ్లిన పిల్లలకు ఆ నెలలో అదనపు వేళ ఎవరు, ఏ కొలమానంతో ఇస్తారో అందులోనే రాసి ఉండాలి. పెద్ద సభ్యులకు తెల్లవారుజాము వేళలు కేటాయించాలి.

మంచి రైఫిళ్ల సంగతీ అంతే. బంధువుల పిల్లలకు ఇవ్వడం తప్పే, సందేహం లేదు. అయితే ఒక ఎయిర్ రైఫిలును నలుగురు పంచుకుంటే ఏమవుతుందో కూడా సభలో చెప్పండి. చెంప ఆనించే చెక్క ఎత్తు, భుజానికి తగిలే బట్‌ప్లేటు పొడవు ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటాయి. ముందువాడు మార్చి వెళితే తరువాతి అమ్మాయికి మొదటి అరగంట ఆ సర్దుబాటుకే సరిపోతుంది. చాలా రేంజిల్లో చేసే పని ఒకటుంది: రైఫిలు పెట్టెలో చిన్న నోటుపుస్తకం పెట్టి, ప్రతి పిల్లవాడి పేరు ఎదురుగా అతని కొలతలు పెన్సిలుతో రాస్తారు. ఖర్చు పది రూపాయలు. రెండు రైఫిళ్లకు నలుగురు చొప్పున ఎనిమిది మందిని స్కోర్లను బట్టి ఎంపిక చేసి, మూడు నెలలకొకసారి మార్చితే బంధుప్రీతికి చోటు తగ్గుతుంది. బంధువుల అబ్బాయికి నిజంగానే స్కోరు వస్తుంటే అతనికీ ఇవ్వాలి మరి.

పెల్లెట్ల మీద వచ్చే అనుమానం చిన్నదిగా కనబడుతుంది కానీ లెక్క వేస్తే చిన్నది కాదు. సైటింగు షాట్లతో కలిపి ఒక్కో విడతకు ఒక్కొక్కరూ 80 కాలుస్తారనుకుంటే, 72 అవకాశాలకు వారానికి ఐదున్నర వేలు దాటుతాయి. 500 గుండ్ల డబ్బాలు పదకొండు, పన్నెండు ఖర్చవుతాయి. డబ్బాకు కొంత మిగుల్చుకున్నా ఏడాదికి చెప్పుకోదగ్గ మొత్తమే. ఆ మిగులు క్లబ్బు కరెంటు బిల్లుకే పోతూ ఉండవచ్చు, పోకపోనూవచ్చు. డబ్బాల కొనుగోలు బిల్లు, అమ్మిన ధర నోటీసు బోర్డు మీద ఉంటే ఈ చర్చే ఉండదు. ఫీజులు నగదుగా కాకుండా క్లబ్బు బ్యాంకు ఖాతాకే ఫోను ద్వారా కట్టేలా చేయడం ఈ రోజుల్లో కూరగాయల బండి వాడు కూడా చేస్తున్న పని.

సర్వసభ్య సమావేశం గురించి పాతపట్నం, శ్రీకాకుళం వైపు బంధువులు మీకు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం పట్టుకొచ్చి, 23వ సెక్షను కింద జిల్లా కోర్టుకు వెళ్లమని చెప్పి ఉంటారు. అది గట్టు అవతలి చట్టం. ఒడిశాలో మీకు వర్తించేది 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. దాని 4వ సెక్షను ప్రకారం పాలకవర్గం పేర్ల జాబితాను ఏటా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. 19వ సెక్షను ప్రకారం రిజిస్ట్రారు దగ్గర దాఖలైన కాగితాలను ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు. మూల చట్టంలో ఆ చూసే రుసుము ఒక్క రూపాయి. ఆ రోజుల్లో రూపాయి అంటే మాటలు కాదనుకోండి. మీరు ఎవరితోనూ పోట్లాడకుండా చేయగల మొదటి పని అదే: రిజిస్ట్రేషను కార్యాలయంలో మీ క్లబ్బు నియమావళి నకలు తీసుకోండి, గత రెండేళ్ల జాబితాలు దాఖలయ్యాయో లేదో చూడండి. సమావేశం పిలవమని ఎంతమంది సభ్యులు సంతకం పెడితే పిలవక తప్పదో ఆ నియమావళిలోనే ఉంటుంది. అంతకంటే ముందు 15వ సెక్షను చదవండి. చందా మూడు నెలలకు మించి బకాయిపడిన సభ్యుడికి ఓటు ఉండదు, అతను సభ్యుల లెక్కలోకే రాడు. కోపంతో చందా ఆపేశామని మీవాళ్లు కొందరు గొప్పగా చెప్పుకుంటున్నట్లు రాశారు. వెంటనే బ్యాంకు ద్వారా కట్టించి, రుజువు దాచుకోమనండి. సమావేశం రోజు తలుపు దగ్గర ఆగిపోయేది వారే.

మీకు వచ్చిన నోటీసును అవమానంగా తీసుకోకుండా గడువు లోపల జవాబు ఇవ్వండి. ఏ నియమం ఉల్లంఘించారని ఆరోపణ, దాన్ని విచారించే అధికారం నియమావళిలో ఎవరికి ఉంది, మీ మాట వినడానికి ఏ తేదీ ఇస్తారు అన్న మూడు ప్రశ్నలు ఒక పేజీలో అడిగితే చాలు. మీ వాదన వినకుండా పేరు కొట్టేస్తే, అది తరువాత సివిల్ కోర్టులో నిలవడం వారికే కష్టం. గ్రూపులో మీరు వాడిన మాటల్లో ఏదైనా హద్దు దాటి ఉంటే, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నానని రాయడంలో చిన్నతనం లేదు. అడిగిన ప్రశ్నలను మాత్రం వెనక్కి తీసుకోవద్దు.

‘తెలుగువాళ్లం కాబట్టే’ అన్న మాటను పుట్టిన చోటే ఆపండి. మీ లేఖలోనే ఉంది, రైఫిళ్లు దొరకని పిల్లల్లో ఒడియా పిల్లలు సగం మంది, కార్యదర్శి గారేమో ఇంట్లో తెలుగే మాట్లాడే మనిషి. పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ, జయపురం దాకా 1936లో రాష్ట్రం ఏర్పడక ముందు నుంచీ రెండు భాషలవాళ్లు ఒకే వీధిలో బతుకుతున్నారు. అక్కడ లెక్కల తగాదాకు భాష రంగు పూస్తే లెక్కలు మరుగునపడతాయి, రంగు మిగిలిపోతుంది. సమావేశం కోరే కాగితం ఒడియాలోనూ తెలుగులోనూ రాయండి, మొదటి సంతకం ఒక ఒడియా తండ్రి చేత పెట్టించండి.

కొత్త క్లబ్బు ఆలోచన గురించి క్లుప్తంగా చెబుతాను. గొట్టం వ్యాసం .177 అంగుళాలు (4.5 మిల్లీమీటర్లు), శక్తి 20 జౌల్స్ మించని ఎయిర్ ఆయుధాలకు 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు కాబట్టి, ఎయిర్ రైఫిల్ శిక్షణ కేంద్రం పెట్టడం చట్టరీత్యా కష్టం కాదు. కానీ పిల్లలు పోటీలకు వెళ్లాలంటే రాష్ట్ర రైఫిల్ సంఘం గుర్తింపు కావాలి. ఆ దారి తెరుచుకునే లోపల ఒక సీజను చేజారవచ్చు. దానికంటే ఇదే క్లబ్బులో ఎయిర్ విభాగానికి ప్రత్యేక ఉపసంఘం, ప్రత్యేక ఖాతా, అందులో తల్లిదండ్రుల ప్రతినిధులు ఇద్దరు అనే సవరణ తేవడం మేలు. పాతవారు .22 విభాగాన్ని, స్ట్రాంగ్ రూమును తమ దగ్గరే ఉంచుకోవచ్చు. ఈ ఏర్పాటుకు వారు ఒప్పుకోకపోతేనే వేరుపడే మాట ఎత్తండి.

ఇక బాబాయి గారు. చాలామంది ఇక్కడే జారిపోతారు: ఎదురుపడి అడగలేక వెనుక సంతకాలు సేకరిస్తారు, అది తెలిసిన పెద్దాయనకు లెక్క అడిగినందుకు కాదు, చాటుగా అడిగినందుకు గుండె మండుతుంది. లేఖ ఇచ్చే రోజు ఉదయమే ఆయన ఇంటికి ఒంటరిగా వెళ్లండి. కాగితం చేతికిచ్చి, ‘బాబాయి గారూ, ఇది సాయంత్రం క్లబ్బులో అందరి ముందూ మీకు చేరుతుంది. ముందు మీరు చదవాలని తెచ్చాను. రైఫిలు రసీదు ఇప్పుడు చూపిస్తే ఆ పేరా ఇక్కడే కొట్టేస్తాను’ అనండి. ఆయన కోప్పడవచ్చు, మీ నాన్నగారి పేరు ఎత్తవచ్చు, ఈ క్లబ్బు కోసం తాను చేతి డబ్బు ఎంత పెట్టారో చెప్పవచ్చు. అది నిజమే అయి ఉంటుంది కూడా. చేతి డబ్బు పెట్టినవారికి క్లబ్బు డబ్బు, తన డబ్బు అన్న గీత క్రమంగా చెరిగిపోవడం లోకంలో కొత్త కాదు. అందుకని ఆయన పెట్టిన సొమ్మును కూడా లెక్కల్లో అప్పుగా చూపించి తిరిగి ఇచ్చే తీర్మానం మీరే ప్రతిపాదించండి. దొంగ అన్న ముద్ర లేకుండా పుస్తకాలు తెరవడానికి ఆయనకు అది దారి చూపుతుంది. ఆయన మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపించినా మీ వైపు మర్యాద తప్పలేదని ఊరికి తెలుస్తుంది, ఆ మాట సమావేశంలో పది ఓట్ల పెట్టు.

అమ్మాయిని మానిపించవద్దు. రేంజిలో కొట్లాట జరగదన్న సంతకాలు అయ్యేదాకా ఒకటి రెండు వారాలు పంపకపోతే పంపకండి. ఆ రోజుల్లో ఇంట్లో నిలబడే భంగిమ, సమతుల్యం, ఊపిరి మీద పట్టు సాధన చేయించవచ్చు, కోచ్‌ని అడిగితే ఏం చేయాలో రాసిస్తారు. క్లబ్బు రైఫిలు మాత్రం ‘మా ఇంట్లో రెండు రోజులు ఉంచుతాం’ అని తెచ్చుకోకండి, ఎవరు ఇస్తామన్నా సరే. ఈ సమయంలో అది మీ మీదికే తిరుగుతుంది. కార్యదర్శి గారి బంధువుల పిల్లలతో ఆమె స్నేహంగా ఉంటోందని బాధపడుతూ రాశారు. అందులో బాధపడవలసినది నాకేమీ కనబడలేదు. ఆ పిల్లలకు ఈ తగవుతో సంబంధం లేదు, పక్క లేనులో తనకంటే మంచి స్కోరు కాల్చే పిల్ల ఉండటం మీ అమ్మాయికి ఏ కోచింగు ఫీజుకూ దొరకని లాభం.